లైసెన్సు పోలమ్మ తల్లి పేరున

ముందుగా మీ దగ్గర ఒక సంగతి ఒప్పుకోవాలి. కంప్యూటర్లో ఏదైనా కొత్తది ఎక్కించేటప్పుడు ఒక పెట్టె తెరుచుకుంటుంది కదా, చీమల బారులాంటి అక్షరాలతో, అడుగున "షరతులన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను" అని. నేనెప్పుడూ చదవలేదు. ఎప్పుడూ ఒప్పుకున్నాను. కంప్యూటర్ చదువు చదివి, ఆ ఉద్యోగమే చేస్తూ, నలుగురికీ జాగ్రత్తలు చెప్పేదాన్నయినా అంతే. ఆ పెట్టెలో నా కుడి మూత్రపిండం రాసివ్వమని ఉన్నా ఈపాటికి రాసిచ్చేసి ఉంటాను.

ఆ షరతుల్ని మొదటినుంచి చివరిదాకా చదివించుకుని విన్నవాళ్లు నాకు తెలిసి ఒక్కరే. ఆవిడని మనిషి అనొచ్చో లేదో కూడా నాకు తెలీదు. అది జరిగింది బెంగాలీల రేవు పట్నంలో, ఏక్‌బాల్‌పూర్‌లో, ఒక మెట్ల కింద గదిలో, నారాయణమ్మ కళ్లముందు. కాబట్టి కథ నారాయణమ్మది.

చేతిఫోన్లు అప్పుడప్పుడే రేవు కూలీల చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులవి. ఎర్రజెండా ప్రభుత్వం ఎప్పటికైనా మారుతుందని ఎవరూ గట్టిగా అనుకోని రోజులు కూడా. శ్రీకాకుళం ఒడ్డునుంచి వచ్చి ఓడరేవు డాకుల్లో పనిచేసేవాళ్ల సంఘానికి ఏక్‌బాల్‌పూర్ సందులో ఒక పాత మేడ ఉంది. దాని మెట్ల కింద గదిలో పండగ సామాను పెట్టేవారు. డప్పులు మేకులకి వేలాడుతుండేవి, ఇత్తడి ఘటాలు మూల బోర్లించి ఉండేవి. ఆ డప్పుల కిందే ఒక బల్ల వేసుకుని, బల్లమీద కంప్యూటర్ పెట్టుకుని, నారాయణమ్మ తెలుగు టైపు పని మొదలుపెట్టింది. పెళ్లికార్డులు, పెదకర్మ కార్డులు, ఊరికి పంపే అర్జీలు.

ఆ గది ఆమెకి ఎందుకంత కావాలో చెప్పాలి. వాళ్ల ఇంట్లో ఉన్నవి రెండు గదులు. వాటిలో అయ్య, అమ్మ, మామ్మ, ఇద్దరన్నలు, ఇద్దరొదినలు, వాళ్ల పిల్లలు. ఎవరికి దాహమేసినా, ఎవరి గుండీ ఊడినా "నారాయణమ్మా" అనే. లోపలినుంచి గడియ వేసుకోగల తలుపు ఆ ఇంట్లో స్నానాల గదికే ఉంది. దాన్ని కూడా బయటినుంచి ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. భవానీపూర్‌లో కంప్యూటర్ డిప్లొమా చేస్తున్నన్నాళ్లూ ఆమె మెట్రో స్టేషన్ మెట్లమీద కూర్చుని చదువుకుంది. ఈ మెట్ల కింద గదికి తలుపుంది. ఆ తలుపుకి గడియ ఉంది. వేసుకుంటే వేసినట్టే ఉండేది.

గది ఇచ్చింది సంఘం పెద్ద పోలిరాజు. ఆయన ఇచ్చింది దానం కాదు, షరతు. ఈ ఏడు పోలమ్మ తల్లి పండగ కార్డు ఖరగ్‌పూర్ ప్రెస్సుకి పోకుండా ఇక్కడే, తెలుగులో, ఈ కంప్యూటర్లోంచి రావాలి. రాకపోతే గది తన అల్లుడికి. అల్లుడు అందులో క్యారమ్ బోర్డు పెడతానంటున్నాడు.

"అలాగే మావా," అంది నారాయణమ్మ, ఇంకేమీ అడక్కుండా.

ఇక మామ్మ సంగతి. అప్పమ్మ పండగనాడు అమ్మవారు పూనే మనిషి. మిగతా రోజుల్లో చింతపండు గింజలు తీస్తూ, కోడళ్లని తిడుతూ, టీలో బిస్కట్టు నానబెట్టుకు తింటూ అందరు ముసలమ్మల్లాగే ఉంటుంది. అయితే ఒక్క విషయంలో ఎవరి మాటా వినదు. ఇంట్లోకి కొత్తది ఏది వచ్చినా అమ్మోరి పేరుమీదే రావాలి. సముద్రం ఒడ్డున పడవకీ వలకీ మొదలైన అలవాటది. ఇక్కడ పడవలు లేవు కాబట్టి సీలింగ్ ఫ్యానుకీ, కుక్కరుకీ, గురువులు సైకిలుకీ వచ్చింది. గురువులంటే నారాయణమ్మ తండ్రి. ఆయన సైకిలు మడ్‌గార్డు మీద "అమ్మోరి సొమ్ము" అని పసుపు రంగుతో ఉంటుంది. దొంగలకి తెలుగు రాదు గనక రెండుసార్లు పోయింది. అయినా రాయడం మానలేదు.

కంప్యూటర్ కొన్నప్పుడు బిల్లు అమ్మోరి పేరుమీదే రాయించారు. దుకాణం దాదా, అదే అన్నగారు, బిల్లు రాస్తూ ఏమీ అడగలేదు. పోలమ్మ తల్లి ఎవరో పిసినారి పిన్నిగారనుకుని ఉంటాడు. తర్వాత తెలుగు టైపు ప్రోగ్రాం వచ్చింది. దాని పేరు అక్షరకుంభం, హైదరాబాదులో ఏదో చిన్న కంపెనీది. అది కూడా పేరడిగింది. మామ్మ పక్కనే నిలబడి ఉంది.

"రాసినావేటి అమ్మోరి పేరు?"

"ఇది కంప్యూటర్ లోపల పెట్టేది మామ్మా. వస్తువు కూడా కాదు."

"లోపల పెట్టినా బయట పెట్టినా కొన్నదే కదేటే. రాయి."

నారాయణమ్మ రాసింది. మొదటి పేరు పోలమ్మ. ఇంటిపేరు తల్లి. పుట్టిన తేదీ రాయకుండా ముందుకు పోనివ్వదు కాబట్టి, ఆ వరసలో అన్నిటికంటే పాతగా ఉన్న సంవత్సరం నొక్కింది. 1901. తర్వాత చీమల బారు వచ్చింది. కింద ఒప్పుకుంటున్నానని ఉంది. ఒప్పుకుంది. అప్పట్నుంచీ ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ తెరమీద "స్వాగతం, మిస్ తల్లి" అని వచ్చేది. మామ్మకి చదువు రాదు గానీ, అదేమిటో తెలిశాక రోజూ ఒకసారి వచ్చి ఆ తెరకి దండం పెట్టుకుని వెళ్లేది.

నారాయణమ్మ చదివింది హిందీ బడి. తెలుగు ఇంట్లో మాట్లాడటమే తప్ప చదవడం అంతంత మాత్రం. అక్షరాల చీటీలు అతికించిన కీబోర్డు మీదే ఆమెకి తెలుగు రాత వచ్చింది. ఆమె లెక్కలో 'క' అంటే కుడిచేతి చూపుడువేలు. 'ళ' అంటే షిఫ్టు పట్టుకుని పక్కకి జరగడం. అలా తడుముకుంటూనే పండగ కార్డు తయారు చేసింది. కానీ అచ్చు తీయలేదు. తీయనివ్వలేదు. కార్డుమీద పెద్దల పేర్లు ఎవరిది పైన, ఎవరిది కింద అన్నది తేలాలి కదా. వాట్‌గంజ్ పేట వాళ్లు అలిగారు, ఖిదిర్‌పూర్ పేట వాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోయారు, మళ్లీ వచ్చారు. తేలేసరికి, కార్డు చూపించాల్సిన ఆదివారం సాయంత్రం కమిటీ మీటింగు దగ్గరికొచ్చేసింది. సరిగ్గా అంతకుముందు వారమే లోడ్‌షెడ్డింగ్ అయ్యి, కరెంటు తిరిగొచ్చేటప్పుడు ఒక్క ఎగురు ఎగిరి, కంప్యూటర్లోంచి ఉల్లిపాయ మాడిన వాసన వచ్చింది.

భవానీపూర్ మెకానిక్ బాపీ దా వచ్చి లోపలి పెద్ద బోర్డు మార్చాడు. "ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి దీదీ, దిగులు పడకు," అని టీ తాగి వెళ్లాడు. అబద్ధం చెప్పలేదు. ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. ఆదివారం పొద్దున నారాయణమ్మ అక్షరకుంభం తెరిస్తే స్వాగతం రాలేదు. ఒక బూడిద రంగు పెట్టె వచ్చింది.

"ఈ ప్రతి వేరొక కంప్యూటర్‌కు చెందినది. దయచేసి రిజిస్టర్డ్ యూజర్‌ను సంప్రదించండి."

మూసింది. మళ్లీ తెరిచింది. అదే. కంప్యూటర్ ఆపి, వేసి, మళ్లీ తెరిచింది. డిప్లొమాలో నేర్పిన విద్యలన్నిటికంటే గొప్ప విద్య అదే మరి. అదే పెట్టె. పండగ కార్డు అందులో ఎక్కడో ఉంది. ఇంకే ప్రోగ్రాంలో తెరిచినా దాని అక్షరాలు ప్రశ్నార్థకాలుగా, గళ్లుగా, ముక్కలుగా వస్తున్నాయి. పెద్దల పేర్లు తేల్చడానికి అలిగినవాళ్లందరూ ఇప్పుడు సరిసమానంగా ప్రశ్నార్థకాలే.

సంఘం ఫోను హాల్లో ఉంటుంది. దాని తీగ సాగదీసి, గదిలోకి తెచ్చి, స్పీకర్ బటన్ నొక్కి అక్షరకుంభం కంపెనీకి సాయానికి ఫోను చేసింది.

ఇంగ్లిషుకి ఒకటి, హిందీకి రెండు, తెలుగుకి మూడు. మూడు నొక్కింది. కొన్నవాళ్లకి ఒకటి, కొనబోయేవాళ్లకి రెండు. ఒకటి నొక్కింది. మీ కాల్ మాకెంతో ముఖ్యం, ఆగండి అంది. ఆగినప్పుడు అందరూ వీణో సితారో పెడతారు. ఈ కంపెనీవాళ్లు తెలుగుదనం చాటుకోవాలనుకున్నారేమో, డప్పు వాయిద్యం పెట్టారు. ఒకటే దరువు, తిరిగి తిరిగి అదే. గోడమీది డప్పుల కింద కూర్చుని నారాయణమ్మ ఆ దరువు చాలాసేపు విన్నది.

"గుడ్ మార్నింగ్, వెంకటేశ్ మాట్లాడుతున్నా. చెప్పండి మేడమ్."

చెప్పింది. అవతల కీబోర్డు చప్పుడు.

"మీ పేరు మేడమ్?"

"నారాయణమ్మ."

"రికార్డులో పోలమ్మ తల్లి గారని ఉంది. కొత్త కోడ్ రిజిస్టర్డ్ యూజర్‌కే ఇస్తం మేడమ్. ఆమెను లైన్‌లోకి పిలుస్తరా?"

నారాయణమ్మ గోడవైపు చూసింది. క్యాలెండర్లో పోలమ్మ తల్లి పులిమీద కూర్చుని ఆమెనే చూస్తోంది. "నేనే," అంది.

"మేడమ్, ఇప్పుడే నారాయణమ్మ అన్నరు."

"అదీ ఒక పేరే."

"కాల్ రికార్డ్ అవుతుంది మేడమ్. అట్ల కుదరదు." గొంతు మర్యాదగానే ఉంది. మర్యాదగా ఉండటంవల్ల పోట్లాడటానికి కూడా పట్టు దొరకడం లేదు. "ఆమె ఊర్లో లేరా?"

"ఇంచుమించు."

"కాలం చేశారా మేడమ్? అట్లయితే ఇబ్బంది లేదు. డెత్ సర్టిఫికెట్ పంపితే వారసుల పేరుమీదకు మారుస్తం."

"ఆవిడ చనిపోరు."

"బాగున్నారన్నమాట. దేవుడి దయ. పిలవండి మరి, హోల్డ్‌లో ఉంటా."

మళ్లీ డప్పు మొదలైంది.

నారాయణమ్మ ఫోను అలాగే వదిలి ఇంటికి పరిగెత్తింది. ఇల్లు పక్క సందులోనే. అప్పమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపల తలలు గిల్లుతోంది. విషయమంతా విన్నాక గిల్లడం ఆపలేదు.

"రెండు ముక్కలు చాలు మామ్మా. నేను పోలమ్మ తల్లిని అను. తేదీ అడుగుతాడు, నేను పక్కనుంచి చెప్తాను."

"నాను అప్పమ్మని."

"తెలుసు."

"అమ్మోరు వొచ్చినప్పుడు అమ్మోరు. రానప్పుడు నాను అప్పమ్మనే. అటూ ఇటూ కాకండా మజ్జిలో నిలబడి అబద్దమాడితే నాలిక పడిపోద్ది గుంటా."

"ఫోన్లోనే కదా."

"ఫోన్లో అయితే నాలిక నాది కాదేటి?"

నారాయణమ్మకి ఏడుపు వచ్చింది. ఏడవడానికి ఆ ఇంట్లో చోటు లేదు. వదిన చూస్తోంది, పిల్లలు చూస్తున్నారు. మామ్మ పక్కన గొంతుకూర్చుని, "ఆ గది పోతే నేను మళ్లీ ఇక్కడే మామ్మా," అంది మెల్లగా. "ఈ గుమ్మంలోనే. నీ పక్కనే."

అప్పమ్మ ఆ మాట విని తలెత్తింది. చేప తల పక్కన పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది. "వొత్తాను. వొచ్చి కూకుంటాను, అంతే. అబద్దం ఆడను."

వాళ్లు గదికి వచ్చేసరికి పోలిరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఫోను స్పీకర్లోంచి డప్పు మోగుతోంది. హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్లు అది విని పండగ ముందే వచ్చిందనుకున్నారట.

"ఇదేటి ఝామేలా, ఏటీ గొడవ నారాయణమ్మా? కార్డు ఏదీ?"

"లోపలుంది మావా."

"లోపలుంటే పైకి తియ్యి."

"లోపలున్నది తియ్యడానికే ఫోను చేశాను."

"మా ఖరగ్‌పూర్ ప్రెస్సోడికి ఫోను అక్కర్నేదు. డబ్బిస్తే కార్డిస్తాడు. ఆడు నన్నెప్పుడూ ఎవుర్నీ సంప్రదించమన్నేదు."

అప్పమ్మ బల్లపక్క ముక్కాలిపీట మీద కూర్చుంది. ఫోను ఆమె మోకాలికి ఆనుకునేంత దగ్గర. డప్పు మోగుతోంది. వెంకటేశ్ రాలేదు. మీ కాల్ మాకెంతో ముఖ్యం. డప్పు. పోలిరాజు గుమ్మానికి ఆనుకుని బీడీ తీశాడు, ముట్టించలేదు. నారాయణమ్మ తెరమీది బూడిద పెట్టెని చూస్తూ కూర్చుంది. బయటికి వెళ్లడానికి లేదు, ఫోను వస్తుందేమో. లోపల చేయడానికి ఏమీ లేదు. గాలి ఆడటం లేదు. ఈ గదికోసం ఇంత ఆరాటపడ్డది, దీనిలో ఊపిరాడటం లేదని ఆ రోజే గమనించింది.

అప్పమ్మ బొటనవేలు నేలమీద దరువుకి కదులుతోంది. ముందు బొటనవేలే. తర్వాత మడమ. తర్వాత మోకాలు.

నారాయణమ్మ చూసింది. "మామ్మా?"

అప్పమ్మ తల ముందుకి వాలింది. ముడి ఊడింది. ఎప్పుడూ పండగనాడు, ఊరేగింపులో, వందమంది మధ్య ఎవరో పట్టుకుని ఉండగా జరిగేది, ఆదివారం పొద్దున ముక్కాలిపీట మీద జరుగుతోంది. పోలిరాజు బీడీ కింద పడేసి చెప్పులు విప్పాడు.

సరిగ్గా అప్పుడే డప్పు ఆగింది.

"వెయిట్ చేసినందుకు థ్యాంక్యూ మేడమ్. రిజిస్టర్డ్ యూజర్ వచ్చారా?"

"ఎవుడ్రా నన్ను పిలిసినోడు?"

ఆ గొంతు అప్పమ్మది కాదు. నారాయణమ్మ చిన్నప్పట్నుంచీ ఏటా విన్న గొంతే.

"నేను వెంకటేశ్‌ను మాట్లాడుతున్నా మేడమ్. వెరిఫికేషన్ కోసం మీ పేరు చెప్తరా?"

"పోలమ్మ. అందరికీ తల్లిని."

"పోలమ్మ... తల్లి. కరెక్ట్ మేడమ్. పుట్టిన తేదీ?"

"సముద్రమెప్పుడు పుట్టిందో నానూ అప్పుడే."

కీబోర్డు చప్పుడు. "ఇక్కడ పంతొమ్మిది వందల ఒకటి అని ఉంది." కొంచెం తటపటాయింపు. "పెద్దవారు కదా, తేదీ గుర్తుండదు. ఓకే మేడమ్, మ్యాచ్ అయినట్టే రాస్తున్నా."

నారాయణమ్మకి నవ్వొచ్చింది. పోలిరాజు మొహం చూసి ఆపుకుంది. ఆయన చేతులు జోడించి ఉన్నాడు.

"ఇంక ఒక్కటే మేడమ్. కొత్త కంప్యూటర్‌కు లైసెన్స్ మార్చాలంటే షరతులు ఒప్పుకుంటున్నట్టు మీరు నోటితో చెప్పాలి. యెస్ అనండి, కోడ్ ఇచ్చేస్తా."

యెస్. ఒక్క మాట. నారాయణమ్మ ప్రాణమంతా ఆ మాటమీద ఉంది. అను మామ్మా, అనుకుంది. అను తల్లీ, అని సర్దుకుంది.

"ఏటా సరతులు?"

"మామూలువే మేడమ్."

"సదువు."

"చాలా పొడుగుంటయి మేడమ్. ఎవరూ వినరు."

"నాను యింటాను. సదువు."

వెంకటేశ్ గొంతు సవరించుకున్నాడు. ఎక్కడినుంచో వెతికి తీసినట్టు కాగితం చప్పుడు అయింది. చదవడం మొదలుపెట్టాడు. ముందు గడగడా చదివాడు. అమ్మవారు "మెల్లగ" అంది. మెల్లగా చదివాడు.

"ఈ ఉత్పత్తి మీకు విక్రయించబడలేదు. వినియోగించుకునేందుకు అనుమతి మాత్రమే ఇవ్వబడినది."

"కొన్నది నాది కాదేటి?"

"అంటే... వాడుకోవచ్చు. కానీ మీది కాదు."

"మరెవుడిది?"

"కంపెనీది తల్లీ." మేడమ్ ఎప్పుడు తల్లి అయిందో అతనికీ తెలిసినట్టు లేదు.

"ఇంకా సదువు."

"ఈ అనుమతిని మీరు మరొకరికి ఇవ్వరాదు, అరువివ్వరాదు, వారసత్వంగా..."

"నా గుంట, ఈ పిల్ల, కూకుని టైపు కొడతన్నాది. అది నాను ఇచ్చిందే. ఇవ్వకూడదేటి?"

వెంకటేశ్ తర్వాతిది చదివాడు. కారణం చూపకుండా ఎప్పుడైనా అనుమతిని రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంటుంది. తద్వారా మీకు కలిగే ఏ నష్టానికీ కంపెనీ బాధ్యత వహించదు.

"నా యింట్లోకొచ్చి, నువ్వెప్పుడనుకుంటే అప్పుడు తాళమేసి, నా సామాను లోపలెట్టీసి పోతావన్నమాట."

"నేను కాదు తల్లీ. కంపెనీ."

"నువ్వు ఎవుడివి?"

"నేనిక్కడ... కాంట్రాక్టు మీద ఉన్నా." గొంతు తగ్గించాడు. పక్కన ఎవరో ఉన్నట్టుంది. "తల్లీ, ఒక్కటి అడగనా? నన్ను పర్మనెంట్ చేస్తరా?"

"నువ్వూ సంతకమెట్టినావేటి ఇలాటి కాయితం మీద?"

"పెట్టినా."

"సదివినావా?"

"లేదు తల్లీ."

నారాయణమ్మ మనసులో ఒకటే లెక్క నడుస్తోంది. షరతులు అయిపోయాయి. ఇప్పుడు యెస్ అంటే కోడ్. కోడ్ వస్తే కార్డు. కార్డు వస్తే గది. పెన్ను తీసుకుని కోడ్ రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది.

"చివరిసారి అడుగుతున్నా తల్లీ," అన్నాడు వెంకటేశ్. "ఈ షరతులు ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోను."

పెన్ను జారి కింద పడింది.

"ఒప్పుకోకపోతే కోడ్ ఇయ్యలేను. ప్రోగ్రాం ఇంక ఎప్పటికీ తెరుచుకోదు."

"ఒద్దు."

"తల్లీ," అని నారాయణమ్మ అడ్డం పడింది, "పండగ కార్డు అందులోనే ఉంది. నీ పండగే."

అమ్మవారు ఆమెవైపు తిరిగి కూడా చూడలేదు. అవతల వెంకటేశ్ మెల్లగా అంటున్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. "ఒప్పుకోలేదు అని ఒక బటన్ ఉందిక్కడ. ఇన్ని రోజులు చూడనే లేదు." ఒక్క నొక్కు వినిపించింది. "అయింది తల్లీ. మీ కాల్ మాకెంతో..." అని ఆగిపోయాడు. లైను కట్టయింది. ఆ వెంటనే ఒక ఆడగొంతు వచ్చి, మా సేవ మీకెలా ఉంది, బాగుంటే ఒకటి నొక్కండి అంది.

అమ్మవారు లేచి నిలబడింది. పాదం నేలకేసి కొట్టింది. మేకులకున్న డప్పులు కదిలాయి. "నాది కాని సోట నానుండను," అంది. "ఈ గది నాది. నా గదిలో నా సామాను ఎవుడూ కదపకూడదు. ఈ గుంట దీపమెట్టుకుంటాది." అని ముక్కాలిపీట మీద కూలబడింది.

పోలిరాజు సాష్టాంగపడ్డాడు. మెట్ల కింద చోటు చాలక ఆయన కాళ్లు హాల్లో ఉండిపోయాయి.

కాసేపటికి అప్పమ్మ కళ్లు తెరిచి, జుట్టు ముడేసుకుంటూ, "వొచ్చినాదేటి? ఏటన్నాది?" అని అడిగింది.

"ఒప్పుకోనంది," అంది నారాయణమ్మ.

"అవునేటి," అంది మామ్మ. "టీ ఉంటే తే."

సాయంత్రం మీటింగులో అల్లుడు క్యారమ్ మాట ఎత్తబోతే పోలిరాజు ఒక్క చూపు చూశాడు. గది నారాయణమ్మదే. ఆ సంగతి తేలడానికి పేర్ల వరస తేలినంతసేపు కూడా పట్టలేదు. మరి కార్డు? "సేత్తో రాసీ," అన్నారు. ఆమె చేత్తో ఎప్పుడూ తెలుగు రాయలేదు. కీబోర్డు పక్కన పెట్టుకుని, ఒక్కో మీట మీద అతికించిన అక్షరం చూసి, దాన్ని కాగితం మీదికి దింపింది. ఒత్తులు ఎటు తిరగాలో తెలియనిచోట మామ్మని అడిగితే, మామ్మ పాట పాడి వినిపించింది. దానివల్ల ఉపయోగం లేకపోయింది. మోమిన్‌పూర్ మోడ్‌లో కూడలి దగ్గరి కొట్లో జిరాక్సు తీయించారు. చిన్నపిల్ల రాసినట్టు గుండ్రంగా, పెద్దల పేర్లన్నీ ఒకే లావుతో వచ్చాయి. ఎవరిది పైనో కిందో ఎవరూ పట్టించుకోలేదు. అమ్మోరు కంప్యూటర్ని కాదని ఈ పిల్ల చేత్తో రాయించుకుందని మాట పాకిపోయింది.

ఇప్పుడు నారాయణమ్మకి గది ఉంది. అందులో అమ్మోరి కంప్యూటర్ ఉంది. దానికి పసుపు, కుంకుమ, మానిటర్‌కి బంతిపూల దండ. దాన్ని కదపకూడదు. అమ్మకూడదు. ఆపడానికి కూడా లేదు. తెరమీద బూడిద పెట్టె వెలుగుతూ ఉంటేనే అమ్మోరు ఉన్నట్టని అప్పమ్మ తేల్చింది. "దయచేసి రిజిస్టర్డ్ యూజర్‌ను సంప్రదించండి." రేవుకి పోయే ముందు వచ్చి దండం పెట్టుకుంటారు, డ్యూటీ దిగి వచ్చి దండం పెట్టుకుంటారు. జ్వరం వచ్చిన పిల్లల్ని తెస్తారు. వేరే ప్రోగ్రాం ఎక్కించుకుని కనీసం టైపు పనైనా చేసుకుంటానని ఒకసారి అడిగింది.

"ఒప్పుకోనన్నాది కదేటే," అంది మామ్మ.

"అది ఆ కంపెనీ షరతులకి."

"అన్ని కంపెనీల సరతులూ ఒకటే కావేటి?"

నాలాగే తనూ ఎప్పుడూ చదవలేదు కాబట్టి నారాయణమ్మ కాదనలేకపోయింది.

అన్నిటికంటే పెద్ద బాధ తలుపు. గడియ వేసుకోవచ్చని కదా ఆ గదికోసం ఆరాటపడింది. ఎప్పుడు వేసినా ఎవరో ఒకరు తడతారు. దీపం చూడాలంటారు, పెట్టె చూడాలంటారు. చివరికి పోలిరాజు వడ్రంగిని తెచ్చి తలుపు తీయించేశాడు. అమ్మోరి గదికి తలుపేటి అన్నాడు.

"నువ్వు ఒప్పుకుంటావా అని నన్ను ఎవరైనా అడిగారా మామ్మా?" అంది నారాయణమ్మ ఆ రోజు.

అప్పమ్మ చింతపండు తీస్తూనే ఉంది. "గది ఇస్తానన్నప్పుడు పోలిరాజుగాడితో అలాగే మావా అన్నావు కదా. అప్పుడు నువ్వేటైనా అడిగినావేటి?"

అడగలేదు. ఒప్పుకుంటున్నానని నొక్కేసింది, అంతే.

కానీ ఈమధ్య ఆమె మధ్యాహ్నాలు ఆ తలుపు లేని గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఏదో రాస్తోంది. కీబోర్డు చూడకుండానే, సొంత చేత్తో, తెలుగులో. అవి షరతులు. తలుపు మళ్లీ పెట్టించాలన్నది మొదటిది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎవరూ రాకూడదన్నది దాని కింద. ఇంకా చాలా ఉన్నాయి, కొట్టివేతలు ఉన్నాయి. వచ్చే పండగనాడు డప్పు మోగి అమ్మవారు వచ్చినప్పుడు మొదటినుంచి చివరిదాకా చదువుతుందట. మెల్లగా చదువుతుందట. ఆవిడ వినే మనిషని రుజువైంది కదా. ఒప్పుకుంటుందో లేదో ఇంకా తెలీదు.

మీకూ ఇలాంటిదేదో జరిగే ఉంటుంది. మీరు కొన్నది మీది కాదని ఎవరో మర్యాదగా చెప్పి ఉంటారు. లేదా చదవకుండా దేనికో అలాగే అని, ఇప్పుడు దానికి దీపం పెడుతూ ఉంటారు. రాసి పంపండి. లేదా ఏక్‌బాల్‌పూర్ వైపు వెళ్తే మెట్ల కిందకి వెళ్లి చెప్పండి. తలుపు లేదు, తట్టక్కర్లేదు. మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి.